462 వీసా వచ్చింది, డ్రాఫ్టింగ్ పని మాత్రం దొరకట్లేదు

అందరికీ నమస్కారం. మాది ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి. వయసు 29. విశాఖలో నాలుగేళ్లు స్ట్రక్చరల్ డ్రాఫ్టింగ్ (కట్టడాల డ్రాయింగులు గీసే పని) చేశాను, ఎక్కువగా రెవిట్ అనే సాఫ్ట్‌వేర్ మీద. ఇప్పుడు ఇంటి దగ్గరే ఉన్నాను.

ఏడాది పాటు అక్కడ ఉండి పని కూడా చేసుకోనిచ్చే ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే వీసా (దాని నంబరే 462) బ్యాలెట్‌లో, అంటే లాటరీలో, పేరు తగిలింది. వీసా మంజూరై ఏడు నెలలైంది. పన్నెండు నెలల్లోపు అక్కడ అడుగు పెట్టాలి, పెట్టిన రోజు నుంచే ఏడాది లెక్క మొదలు. అందుకే పని ఖాయమయ్యాకే టికెట్ కొందామనుకున్నాను.

రెండు నెలల్లో 58 దరఖాస్తులు పెట్టాను. బ్రిస్బేన్‌లో ఆఫీసులు తెరిచే తొమ్మిదింటికి, అంటే మనకి తెల్లవారుజాము నాలుగున్నరకి, ఫోన్ పట్టుకుని కూర్చునేవాణ్ణి. (ఇంట్లోవాళ్లు పూజకి లేచాననుకున్నారు.) వచ్చినవి మూడు ఫోన్లు. ఒకే యజమాని దగ్గర అనుమతి లేకుండా ఆరు నెలలకి మించి చెయ్యకూడదన్న వీసా షరతు చెప్పగానే ముగ్గురూ ‘తర్వాత చెబుతాం’ అన్నారు. రెజ్యూమే రెండు పేజీలకి కుదించాను, ఆరు నెలల కాంట్రాక్టుకైనా సిద్ధమని కవర్ లెటర్‌లో రాశాను. ఉలుకూ పలుకూ లేదు. పొలం పనికీ హోటల్ పనికీ నామోషీ లేదు గానీ, ఏడాది రెవిట్ ముట్టకపోతే చెయ్యి పోతుంది.

462 మీద ఇలాంటి ఆఫీసు పని దొరికినవాళ్లు చెప్పండి: మీకు ఇక్కణ్ణుంచే ఖాయమైందా, అక్కడ దిగాక దొరికిందా?