డిప్రెషన్‌కి మాత్ర రాశాను, పన్నెండో రోజుకి మనిషి పూర్తిగా మారిపోయాడు. ఏం మిస్సయ్యాను?

ప్రశ్న (పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్, పశ్చిమ గోదావరి): 27 ఏళ్ల రైతు, రొయ్యల చెరువులు చేస్తాడు. నీరసం, ఒళ్లు నొప్పులు, రోజంతా పడకే. డిప్రెషన్ తీవ్రతని కొలిచే ప్రశ్నల ఫారం పీహెచ్‌క్యూ-9లో స్కోరు 17. థైరాయిడ్, షుగర్ నార్మల్. డిప్రెషన్ మాత్ర ఎస్సిటాలోప్రామ్ 10 మి.గ్రా. మొదలుపెట్టాను. ఈరోజు ఆయన భార్య ఫోన్ చేసింది. మూడు రోజులుగా నిద్ర లేదట, ఆపకుండా మాట్లాడుతున్నాడట, ఇంకో రెండు చెరువులు లీజుకు అడ్వాన్స్ కూడా ఇచ్చేశాడట. ఇంట్లోవాళ్లు గాలి సోకిందంటున్నారు.

జవాబు (సైకియాట్రిస్ట్): డాక్టర్ గారూ, ఇది మేనియాలా (అదుపు తప్పిన ఉషారు) ఉంది. దిగులు, ఉషారు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బులో డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే ఇలా తిరగబడొచ్చు. మాత్ర ఈరోజే ఆపించండి. రేపు కచ్చితంగా సైకియాట్రీ ఓపీకి పంపండి. ఆగలేకపోతున్నా, చచ్చిపోతానన్నా, ఎవరి మీదకైనా వెళ్తున్నా రేపటిదాకా ఆగొద్దు. ఈ రాత్రికి ఒకరు తోడుండాలి. బండి తాళాలు, ఏటీఎం కార్డు, ఫోన్‌పే ఉన్న ఫోన్ మెల్లగా భార్య చేతికి రావాలి. మద్యం, స్టెరాయిడ్లు ఏమైనా వాడాడేమో అడగండి.

మీరు స్కేలు తప్పు వాడలేదు. పీహెచ్‌క్యూ-9 గత రెండు వారాల దిగులునే చూస్తుంది, వెనకటి ఉషారుని అడగదు. అది మనమే అడగాలి. "ఎప్పుడైనా మరీ సంతోషంగా ఉన్నారా" అంటే మాత్రం ఎవరూ ఔననరు. నేను నిద్ర దగ్గర మొదలుపెడతాను: "వరసగా నాలుగైదు రోజులు మూడు గంటలే పడుకుని, పొద్దున్నే అలుపు లేకుండా లేచి పనిలో పడ్డ రోజులున్నాయా?" నిద్ర పట్టకపోవడం వేరు, నిద్ర అక్కర్లేకపోవడం వేరు. మొదటిది డిప్రెషన్‌లోనూ ఉంటుంది. రెండోది వినిపిస్తే పెన్ను కింద పెట్టండి.

తర్వాత పక్కనున్నవాళ్లని అడగండి. పేషెంట్‌కి అవి తన మంచి రోజులు, జబ్బని ఎందుకు చెప్తాడు? బైపోలార్‌ని పట్టుకోవడానికి ఎండీక్యూ అనే 13 ప్రశ్నల ఫారం ఉంది, ఏడు లేదా అంతకన్నా ఎక్కువకి ఔనని, అవి ఒకే సమయంలో వచ్చి ఇబ్బంది పెట్టాయంటే అనుమానించొచ్చు. కానీ పేషెంట్ ఒక్కడే నింపితే హైపోమేనియా (మేనియా అంత తీవ్రం కాని ఉషారు) జారిపోతుంది. పాతికేళ్లలోపే మొదలైన దిగులు, మళ్లీ మళ్లీ రావడం, కాన్పయ్యాక రావడం, రక్తసంబంధీకుల్లో బైపోలార్ ఉండటం: వీటిలో ఏదున్నా యాంటీడిప్రెసెంట్ ఒక్కటే రాసేముందు ఆగాలి.

ఇంకొకరు: మా తమ్ముడికి ఆరేళ్లు డిప్రెషన్ మందులే వాడాం సార్. అప్పులు చేసిన నెలల గురించి మమ్మల్ని ఒక్కరూ అడగలేదు. మేమూ జల్సా అనుకున్నాం.

అడిగినవారు: ఇప్పుడే భార్యని కదిపాను. రెండేళ్ల కిందట సంక్రాంతికి వారంపాటు ఇలాగే ఉన్నాడట, పందేల్లో లక్షన్నర పోగొట్టాడట. మేనమామకి బైపోలార్‌కిచ్చే లిథియం నడుస్తోందట. నేను ఓపీలో అడిగుంటే ఐదు నిమిషాల పని. మేనియాని తగ్గించే క్వెటియాపిన్ ఇక్కడే మొదలుపెట్టనా?

సైకియాట్రిస్ట్: రేపు ఇతన్ని చూసే సైకియాట్రిస్ట్‌తో ముందు ఫోన్లో మాట్లాడి మొదలుపెట్టండి. రాత్రి ఇంటివాళ్లు కంగారుపడితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరివ్వండి, 24 గంటలూ ఉచితం. ఇతనికీ రేపు లిథియమే రాయొచ్చు, అప్పుడు ఒళ్లు నొప్పులంటూ మీ దగ్గరికే వస్తాడు. నొప్పులకిచ్చే డైక్లోఫెనాక్ సూది వేయకండి, రక్తంలో లిథియం పెరిగిపోతుంది. పారాసిటమాల్ చాలు. ఆ మాట మీ స్టాఫ్ నర్సుకీ చెప్పి ఉంచండి.