పీఎస్4 (ప్లేస్టేషన్ 4 గేమ్ కన్సోల్) డిస్క్ డ్రైవ్ మొత్తం మార్చాను, అయినా డిస్క్ చదవట్లేదు. ఎవరికైనా ఇలా అయిందా?

కాకినాడ_కుర్రాడు:
అందరికీ నమస్తే. మాది పాత ఫ్యాట్ పీఎస్4 (మొదట వచ్చిన లావు మోడల్), మా బావ 2015లో దుబాయ్ నుంచి తెచ్చాడు. రెండు నెలలుగా డిస్క్ పెడితే లోపల టక్ టక్‌మని కొట్టుకుని, కాసేపటికి డిస్క్ గుర్తించలేకపోతున్నానని మెసేజ్ వచ్చేది. పదిసార్లు పెడితే ఒకసారి చదివేది, తర్వాత అదీ మానేసింది. మదర్‌బోర్డు కాలిపోయిన పీఎస్4ని ఒకతను విడిభాగాలుగా అమ్ముతుంటే డ్రైవ్ మొత్తం 1,800కి కొన్నాను. నిన్న రాత్రి మూడు గంటలు కూర్చుని బిగించాను. డిస్క్‌ని చక్కగా లాక్కుంటోంది, తిరుగుతోంది, చప్పుడు కూడా లేదు. మెసేజ్ మాత్రం అదే! డబ్బులు బూడిదలో పోసినట్టేనా?

స్క్రూల_డబ్బా:
డ్రైవ్‌కి ఒక సర్క్యూట్ బోర్డు బిగించి ఉంటుంది. అది కూడా అతనిదే పెట్టావా?

కాకినాడ_కుర్రాడు:
అవునన్నా. ఎలా వచ్చిందో అలాగే పెట్టేశాను.

స్క్రూల_డబ్బా:
అక్కడే దెబ్బతిన్నావు. ఫ్యాట్ మోడల్లో ఆ బోర్డుకీ నీ మదర్‌బోర్డుకీ ఫ్యాక్టరీలోనే బ్రహ్మముడి వేసేస్తారు. రెండింటిలో ఒకే జత రహస్య కీ ఉంటుంది. వేరేవాళ్ల బోర్డు తెచ్చి పెడితే మోటారు తిరుగుతుంది కానీ గేమ్ డిస్క్ నడవదు. నువ్వు కొన్న డ్రైవ్ మంచిదే అయ్యుంటుంది. నీ పాత డ్రైవ్ బోర్డు విప్పి కొత్తదానికి మార్చు, అంతే. అసలు పాత డ్రైవ్ ఉందా? ఆ బోర్డు పోతే ఇక డౌన్‌లోడ్ గేములతోనే కాపురం.

ఇంకోటి, బోర్డు మీద బీడీపీ అని మొదలయ్యే నంబరు ఉంటుంది. రెండింటి మీదా ఒకటే ఉందో లేదో చూసుకో. వేరైతే రిబ్బన్ కేబుళ్లు కుదరకపోవచ్చు.

డాలస్_బాబాయ్:
ఇది చదువుతుంటే నా ఎక్స్‌బాక్స్ 360 రోజులు గుర్తొచ్చాయి. అందులోనూ ఇదే తంతు, కీ డ్రైవ్‌లోపలే ఉంటుంది. నేనూ డ్రైవ్ మార్చి, సినిమా డీవీడీ ఆడుతుంటే గేమ్ ఎందుకు ఆడదని రెండు వారాలు జుట్టు పీక్కున్నాను. చివరికి బోర్డు మారిస్తే దారికొచ్చింది. దానికి ముందు ట్రే తెరుచుకోవడం లేదని పైన అరచేత్తో కొట్టేవాణ్ని. అది లోపలి రబ్బరు బెల్టు సాగిపోవడమట, కొత్త బెల్టు వేయగానే పోయింది.

శ్రీకాకుళం_సీను:
డ్రైవ్ కొనే ముందు అందరూ చేయాల్సిన పని ఒకటుంది. ఒక సినిమా డీవీడీ, ఒక గేమ్ డిస్క్ రెండూ పెట్టి చూడండి. పీఎస్4 గేమ్ అంటే బ్లూ-రే, దాన్ని చదివేది 405 నానోమీటర్ల ఊదా రంగు లేజర్. డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్రది వేరే ఉంటుంది. ఒకటి చదివి రెండోది చదవకపోతే మోటారూ అవీ బాగున్నట్టే, లెన్స్ యూనిట్ మీద అనుమానపడాలి. (ఆడియో సీడీతో పరీక్షించకండి, పీఎస్4 దాన్ని ఎప్పుడూ ఆడదు. నేనలా ఒక సాయంత్రం వృథా చేశాను.)

నాది స్లిమ్, అంటే తర్వాత వచ్చిన సన్న మోడల్. కేఈఎస్-496 లెన్స్ ఒక్కటే మార్చాను, బోర్డు గొడవ రాలేదు. ఫ్యాట్‌లో 490 లాంటి వేరే నంబర్లు ఉంటాయి. విప్పి నంబరు చూశాకే ఆర్డర్ పెట్టండి.

బంటీ_వాళ్లమ్మ:
మా ఇంట్లో లెన్సూ పోలేదు, బోర్డూ పోలేదు. మావాడికి మూడేళ్లు, డిస్క్ పెట్టే సందుని హుండీ అనుకున్నాడు. కరెంటు వైరు తీసేసి, అడుగున చిన్న కన్నంలోంచి ప్లస్ స్క్రూడ్రైవర్‌తో స్క్రూని తిప్పుతూ పోతే డిస్క్ కొంచెం కొంచెంగా బయటికొచ్చింది. డిస్క్ వెనకాలే ఒక పేకముక్క, ఆటీన్ రాణి! రూపాయి బిళ్ల మాత్రం రాలేదు. దానికోసం డ్రైవ్ మూత విప్పాల్సి వచ్చింది.

షాపులో మాత్రం డ్రైవ్ మొత్తం మార్చాలి, అయిదు వేలు అన్నారు. ఏ షాపో చెప్పను కానీ, పాతది చేతిలో పెడతారా అని అడిగితే మాట మార్చారు. అప్పుడే ఇంటికి తెచ్చేసి మా తమ్ముడితో విప్పించాను.

స్క్రూల_డబ్బా:
మంచి పని చేశారమ్మా. కన్సోల్ షాపుకిస్తే పాత పార్టు తిరిగివ్వాలని ముందే చెప్పాలి. అందులోనే మన బోర్డు ఉంటుంది కదా.

కాకినాడ_కుర్రాడు:
అన్నా, కొంప మునిగింది. పాత డ్రైవ్‌ని అమ్మ పాత పేపర్లతో కలిపి సంచిలో వేసిందట. పాత సామాన్లవాడు ఆదివారం వస్తాడు. ఇవాళ శనివారం. ఇప్పుడే పెరట్లోకి వెళ్తున్నాను.

కోఠి_కిట్టు:
హహ, పరిగెత్తు తమ్ముడూ! టూల్స్ గురించి ఒక మాట. బాడీ స్క్రూలకి ఆరు మొనలుండి, మధ్యలో చిన్న మేకు పొడుచుకొచ్చి ఉంటుంది. షాపులో స్టార్ అని అడిగితే మామూలు ప్లస్సే ఇస్తారు. మధ్యలో చిల్లున్న టోర్క్స్ సెక్యూరిటీ టీ8 అని చెప్పండి. నేను హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో తెచ్చుకున్నాను. రిబ్బన్ లాగేముందు చిన్న లాక్ పైకెత్తాలి. ఎత్తకుండా లాగి నేను ఒకటి చింపాను, అది డ్రైవ్ ఖరీదులో సగం.

ఇక డిస్క్ లేకపోయినా ఎజెక్ట్ (డిస్క్ బయటికి తీసే) బీప్ దానంతటదే కొడుతుంటే డ్రైవ్ మార్చకండి. ఫ్యాట్ మోడల్లో ఆ బటన్ కింద ఉండే రబ్బరు కాలు వేడికి ఉబ్బినా అలాగే అవుతుంది.

విశాఖ_వీకెండ్:
పీఎస్5 స్లిమ్ కొన్నవాళ్లకు: డ్రైవ్ విడిగా కొని తగిలించుకోవచ్చు కానీ, మొదటిసారి నెట్‌కి కనెక్ట్ చేసి జత చేయాలి. నెట్ లేని ఊళ్లో బిగించి బిక్కమొహం వేసుకోకండి.

కాకినాడ_కుర్రాడు:
దొరికింది!! పేపర్ల కట్ట కింద, కొబ్బరి పీచు మధ్యలో. బోర్డుల మీద నంబరు రెండింటికీ బీడీపీ-020. బ్రష్‌తో దులిపి, రిబ్బన్ లాకులు ఒక్కొక్కటే ఎత్తి మార్చాను. చేతులు వణికాయి. డిస్క్ పెట్టాక అయిదారు సెకన్లు ఏమీ లేదు, తర్వాత గేమ్ బొమ్మ వచ్చింది. ఒక స్క్రూ మిగిలింది, ఎక్కడిదో తెలియట్లేదు. ఫొటో పెడతాను, చూసి చెప్పండి.

స్క్రూల_డబ్బా:
ఒకటేనా! నాకు డబ్బాడు ఉన్నాయి, పేరు చూశావుగా. ఫొటో పెట్టు.