ఈమాక్స్‌లో పద్యం వచనమైపోతోంది, ఏ కీ తగిలిందో తెలిసేదెలా?

ప్రశ్న:
మా తాతగారు నోటుపుస్తకంలో రాసుకున్న ఆటవెలదులు 108 ఉన్నాయి. తెలుగు-ఐట్రాన్స్ (ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే పద్ధతి) పెట్టుకుని ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో టైపు చేస్తున్నాను. ఇవాళ 61వ పద్యం అయ్యాక, స్కాన్ చేసిన పేజీ చూద్దామని పక్క విండోకి వెళ్లబోయాను. చూస్తే నాలుగు పాదాలూ కలిసిపోయి మామూలు పేరా అయిపోయాయి. చేత్తో విడగొట్టుకున్నాను. అరగంటలో మళ్లీ అదే. నెట్‌లో ఏమని వెతకాలో కూడా తెలియట్లేదు. ఎడిటర్ ఇంకా మూయలేదు.

జవాబు:
మూయకపోవడం మంచిదైందండీ. ఏం నొక్కారో మీకు గుర్తులేకపోయినా ఈమాక్స్‌కి గుర్తుంటుంది. కంట్రోల్ పట్టుకుని హెచ్ కొట్టి, రెండూ వదిలేసి ఎల్ కొట్టండి. చివరగా నొక్కిన 300 కీలు, ఏ కీకి ఏ కమాండ్ నడిచిందో ఆ పేరుతో సహా వస్తాయి. కింది నుంచి పైకి చదవండి. అక్షరాలు టైపు చేసినవి వదిలేసి, మధ్యలో వేరే పేరు ఏదైనా ఉందేమో చూడండి.

నా అనుమానం ఆల్ట్-క్యూ మీద. విండో మారడానికి ఆల్ట్-ట్యాబ్ నొక్కబోయి ఉంటారు, క్యూ ట్యాబ్ పక్కనే. అయినా నా మాట మీద ఆగకండి, ఈమాక్స్‌నే అడగండి: కంట్రోల్-హెచ్, కె, తర్వాత ఆల్ట్-క్యూ. ఇలా అడిగినప్పుడు ఆ కీ తన పని చేయదు, ఏం చేస్తుందో చెప్పి ఊరుకుంటుంది. మీ పద్యాలకేమీ కాదు. కంట్రోల్-ఎక్స్, ఓ కొట్టి ఆ జవాబు వచ్చిన విండోలోకి వెళితే, గీత ఉన్న పేర్ల మీద ఎంటర్‌తో ఇంకా లోపలికి వెళ్లొచ్చు. ఎల్ కొడితే వెనక్కి, క్యూ కొడితే బయటికి.

నేను పద్నాలుగేళ్లుగా ప్రూఫులు ఇందులోనే దిద్దుతున్నాను. మొదట్లో ప్రతిదానికీ నెట్ మీద పడేదాన్ని. అక్కడ చెప్పేది వాళ్ల వెర్షన్ గురించి, వాళ్ల సెట్టింగుల గురించి. లోపలున్న హెల్ప్ మీ ఎడిటర్‌లో ఈ క్షణాన ఉన్నది చెబుతుంది. ఒక కీని మీరే మార్చుకుని ఉంటే, ఆ మార్పుతో సహా. అందుకే ముందు అక్కడ అడగమని అందరికీ చెబుతుంటాను.

అడిగినవారు:
దొరికిందండీ! ఆల్ట్-క్యూనే, పక్కన ఫిల్-పేరాగ్రాఫ్ అని ఉంది. రెండుసార్లూ అదే. పేరాలో పంక్తుల్ని వెడల్పుకి సరిపోయేలా సర్దే కమాండట. ఇంకొకటి, తాతగారు బండి ఱ వాడారు. దానికి ఏం కొట్టాలి?

ఇంకో జవాబు:
తెలుగు-ఐట్రాన్స్ ఆన్‌లో ఉంచి కంట్రోల్-హెచ్, కంట్రోల్-బ్యాక్‌స్లాష్, ఎంటర్ కొట్టండి. ఏ అక్షరానికి ఏ కీలు కొట్టాలో చూపే పట్టిక వస్తుంది, అందులో చూసుకోండి. ఇకపై పాదాలు కలిసిపోతే చేత్తో విడగొట్టొద్దు, కంట్రోల్-స్లాష్ కొడితే వెనక్కొస్తాయి. ఈ పని అయ్యేదాకా ఆ కీ వద్దనుకుంటే ఆల్ట్-ఎక్స్ కొట్టి గ్లోబల్-అన్‌సెట్-కీ అని టైపు చేసి, ఎంటర్, తర్వాత ఆల్ట్-క్యూ. ఎడిటర్ మూసి తెరిస్తే మామూలే, మళ్లీ చేసుకోవాలి.

అన్నట్టు, కంట్రోల్-హెచ్, హెచ్ కొట్టి చూడండి. లోకంలోని భాషల పలకరింపులు వరసగా వస్తాయి, వాటిలో మన నమస్కారం కూడా ఉంది. మీ ఫాంట్‌లో తెలుగు సరిగ్గా పడుతోందా లేదా అక్కడే తెలిసిపోతుంది.

అడిగినవారు:
కనబడింది. 62వ పద్యం మొదలుపెట్టాను.