ఫుటేజీ ఇస్తే కోర్టుకి వెళ్లాల్సి వస్తుందట, అందుకని ఇవ్వకుండా ఉండాలా?

సెక్టార్ ఐదు వాసి:
మాది విశాఖ ఎంవీపీ కాలనీలో చిన్న అపార్ట్‌మెంట్. పోయిన వారం తెల్లవారుజామున మా గేటు ముందు ఆటోలోంచి ఆకుకూరల మూట దించుకుంటున్న ఒకావిడని బైకు గుద్దేసి ఆగకుండా వెళ్లిపోయింది. రైతుబజారుకి వచ్చే మనిషి. కాలు విరిగి కేజీహెచ్ ఆసుపత్రిలో ఉంది. మా గేటు కెమెరాలో బండి కనిపిస్తోంది, ఏపీ 39 తర్వాత అక్షరాలు మసకగా ఉన్నాయి గానీ చివరి నాలుగంకెలు స్పష్టంగా ఉన్నాయి. ఎస్సైగారు వచ్చి కాపీ కావాలన్నారు, దాంతోపాటు సెక్రటరీగారు ఒక సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాలన్నారు. ఆ సంతకం మాట వినేసరికి అందరికీ టెన్షన్ పట్టుకుంది. సాక్షి అయిపోతాం, కోర్టు చుట్టూ తిరగాలి, రికార్డు చెరిగిపోయిందని చెప్పేద్దాం అని సగం మంది పట్టుబడుతున్నారు. నేను ఇవ్వాలంటున్నాను. ఆదివారం మీటింగు ఉంది, మీ అభిప్రాయం చెప్పండి.

పాతపోస్టాఫీసు:
ఇవ్వొద్దండి. అనుభవం మీద చెబుతున్నాను. ఒక షాపు దగ్గర జరిగిన కొట్లాటలో చూసింది చూసినట్టు చెప్పాను. ఎప్పుడో ఏళ్ల తర్వాత సమన్లు వచ్చాయి. సెలవు పెట్టి వెళ్తే పొద్దుటి నుంచి వరండాలోనే నిలబెట్టారు. ముద్దాయి నా పక్కనే టీ తాగుతూ నన్నే చూస్తున్నాడు. మధ్యాహ్నం దాటాక బంట్రోతు నా పేరు పిలిచాడు, లోపలికి వెళ్తే అవతలి వకీలు రాలేదని వాయిదా. మళ్లీ అదే తంతు. మా ఆవిడ 'నీకెందుకొచ్చిన గొడవ' అని ఈ రోజుకీ అంటుంది. మీ సెక్రటరీగారు పెద్దాయన అయితే ఆయన్ని ఇందులోకి లాగకండి.

జైలురోడ్డు గుమస్తా:
వకీలు దగ్గర పనిచేస్తాను, తెలిసినంత చెబుతాను. ముందుగా, 'చెరిగిపోయింది' అన్న మాట ఎవరూ నోటితో కూడా అనకండి. ఉన్నదాన్ని లేదని చెప్పి చెరిపేస్తే అది సాక్ష్యం మాయం చేసిన నేరం, సాక్షిగా నిలబడటం కంటే అది చాలా పెద్ద తలనొప్పి. స్టేషన్ హౌస్ ఆఫీసర్ బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 94వ సెక్షన్ కింద రాతపూర్వకంగా అడిగితే ఇవ్వక తప్పదు కూడా. కాబట్టి నోటీసు రాతలో ఇమ్మనండి, ఇచ్చినదానికి రసీదు తీసుకోండి.

ఇక సంతకం సంగతి. ఆ సర్టిఫికెట్ భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ కింద ఇచ్చేది, నమూనా ఆ చట్టం షెడ్యూల్‌లో ఉంది. ఇందులో మొదటి భాగం ఆ యంత్రాన్ని చూసుకునే మనిషి రాయాలి, రెండోది నిపుణుడు. రికార్డర్ ఏ కంపెనీది, సీరియల్ నంబరు ఎంత, అది సరిగ్గా పనిచేస్తోందా, కాపీకి వచ్చిన హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) ఎంత, ఇవే మీ భాగంలో రాయాల్సినవి. బైకు ఎవరు నడిపారో, తప్పు ఎవరిదో మీరు చెప్పనక్కర్లేదు. సర్టిఫికెట్ ఇవ్వకపోతే అసలు రికార్డర్‌నే పట్టుకెళ్లాల్సి రావచ్చు, అప్పుడు మీ గేటుకి కెమెరా ఉన్నా లేనట్టే.

సెక్రటరీగారికి అరవై దాటితే విచారణకని స్టేషన్‌కి రమ్మనకూడదు, పోలీసులే ఇంటికి రావాలి, బీఎన్‌ఎస్‌ఎస్ 179వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. కోర్టు సమన్లకి మాత్రం ఆ మినహాయింపు వర్తించదు, వెళ్లాలి. ముద్దాయి తప్పు ఒప్పుకుంటే అదీ ఉండదు.

ఆనందపురం అమ్మాయి:
అన్నా, మీరంతా సంతకం గురించే మాట్లాడుతున్నారు, ఆవిడ గురించి ఒక్కరూ అడగలేదు. మా అమ్మ కూడా ఏళ్ల తరబడి తోటకూర, గోంగూర కట్టలు కట్టి తెల్లారకముందే సిటీకి తెచ్చి అమ్మింది. కాలు విరిగితే మూడు నాలుగు నెలలు మూట ఎత్తలేదు, రోజు గడవదు. బండి ఎవరిదో తేలకపోతే హిట్ అండ్ రన్ పథకం కింద తీవ్రగాయానికి వచ్చేది 50 వేలు, 2022 ఏప్రిల్ నుంచి అదే లెక్క. బండి దొరికితే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వైద్యం ఖర్చు, పోయిన సంపాదన, అన్నీ కలిపి అడగొచ్చు, ఇన్సూరెన్స్ ఉంటే ఆ కంపెనీయే కట్టాలి. ఆ రెండింటి మధ్య తేడా అంతా మీ గేటు కెమెరాలో ఉంది. మీ ఇంట్లో మనిషికే ఇలా జరిగి ఎదురింటివాళ్లు చెరిగిపోయిందంటే ఊరుకుంటారా?

పాతపోస్టాఫీసు:
అమ్మా, నీ మాట కాదనను. ఆవిడకి న్యాయం జరగాలనే నాకూ ఉంది. కానీ సాక్షికి ఇంత విలువ ఉందంటున్నప్పుడు ఆ సాక్షిని వరండాలో నిలబెట్టడం ఎందుకు? ఆ రోజు వాయిదా పడుతుందని ముందే తెలిస్తే ఒక్క ఫోన్ చేయలేరా? జనం ముందుకు రావట్లేదని స్టేషన్‌లో బాధపడతారు, వచ్చినవాడికి కూర్చోడానికి బల్ల కూడా ఉండదు.

జైలురోడ్డు గుమస్తా:
మాస్టారూ, మీ కోపంలో న్యాయం ఉంది. సాక్షి వచ్చి ఉండగా ప్రత్యేక కారణం రాయకుండా వాయిదా వేయకూడదని పాత చట్టంలోనూ ఉంది, కొత్తదాంట్లో 346వ సెక్షన్‌లోనూ ఉంది. అవతలి వకీలు వేరే కోర్టులో ఉన్నాడన్నది వాయిదాకి కారణం కాదని కూడా రాసుంది. అయినా జరుగుతోంది, కళ్లారా చూస్తున్నాను. సాక్షి చేయగలిగినవి రెండున్నాయి. ఎన్నోసారి వచ్చారో జడ్జిగారికి స్వయంగా చెప్పుకోవచ్చు, చాలామంది భయపడి నోరు విప్పరు. ప్రయాణ ఖర్చులకి బత్తా ఇప్పించమని అడగొచ్చు. అడిగితే తప్ప ఎవరూ గుర్తుచేయరు. బెదిరింపులు వస్తే 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం ఉంది, బైకు కేసులో అంతదూరం రాదనుకోండి.

సెక్టార్ ఐదు వాసి:
అందరికీ థాంక్స్. మీటింగు దాకా ఆగను. మా రికార్డర్‌లో రెండు వారాలు దాటితే పాతదాని మీద కొత్తది పడిపోతుంది, అందుకని ఈ రాత్రే వాచ్‌మన్‌ని పక్కన పెట్టుకుని కాపీ తీస్తాను. కెమెరాల పాస్‌వర్డు, మెయింటెనెన్స్ చూసేది నేనే కాబట్టి సెక్రటరీగారి బదులు నేనే సంతకం పెడతానని ఎస్సైగారికి చెప్పాను, సరేనన్నారు. ఆవిడ కొడుక్కి కూడా ట్రిబ్యునల్ సంగతి చెప్పాను. వాట్సాప్ గ్రూపులో పెట్టమని ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారు, పెట్టను, పోలీసులకే ఇస్తాను.

ఒక్క సందేహం. రికార్డర్‌లో గడియారం అసలు టైము కంటే ఏడు నిమిషాలు ముందుంది. సరిచేసి కాపీ తీయాలా?

జైలురోడ్డు గుమస్తా:
ముట్టుకోవద్దు బాబూ. ఉన్నది ఉన్నట్టే తీయండి, మీ ఫోన్‌లో టైమూ రికార్డర్ టైమూ ఒకే ఫొటోలో వచ్చేలా తీసి, తేడా ఎంతో సర్టిఫికెట్‌తో పాటు రాసి ఇవ్వండి.