అప్‌డేట్: అమ్మ మోకాళ్ల నొప్పులకు సీబీడీ నూనె సంగతి

అమెరికాలో ఉన్న తమ్ముడు అమ్మ మోకాళ్ల నొప్పులకు సీబీడీ (గంజాయి మొక్కలో ఉండే, మత్తెక్కించని పదార్థం) నూనె పంపుతానన్నాడు, తెప్పించుకోవచ్చా అని పోయిన నెల అడిగాను. తెప్పించుకోలేదు. అక్కడ 2018 చట్టం మత్తెక్కించే పదార్థమైన టీహెచ్‌సీ 0.3 శాతం మించని గంజాయి జాతి మొక్కైన హెంప్‌ను గంజాయి నుంచి వేరు చేసింది. మన దేశంలో మత్తుమందులపై ఉన్న 1985 ఎన్‌డీపీఎస్ చట్టంలో ఆ శాతం లెక్క లేదు. మొక్కలో ఏ భాగమన్నదే చూస్తుంది. పూత, కాయ ఉన్న కొమ్మల చివళ్లు గంజాయి. విడిగా ఉన్న ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. అమెరికా నూనెలు ఎక్కువగా పూత నుంచి తీసినవే. అందుకే వద్దంటే తమ్ముడు అలిగాడు.

ఈలోగా తొందరపడి ఆన్‌లైన్‌లో ఒక సీసా కొన్నాను. ముందువైపు పెద్ద ఆకు బొమ్మ; వెనక చీమ తలకాయంత అక్షరాల్లో 'హెంప్ గింజల నూనె'. 2021 నుంచి ఆహారంగా అనుమతి ఉన్నదే, కానీ అందులో సీబీడీ దాదాపు ఉండదు. ఇప్పుడది ఇడ్లీ కారప్పొడిలోకి వాడుతున్నాం.

చివరికి ఆయుర్వేద వైద్యుడు గంజాయి మొక్క ఆకుతో చేసిన 'విజయ' మందు చీటీ రాశారు. ఆయుష్ లైసెన్స్ నంబరు, బ్యాచ్ పరీక్ష నివేదిక చూసే కొన్నాను. అమ్మ రక్తం పలచబడే మాత్ర వేసుకుంటుందని తెలిసి, ముందు గుండె డాక్టరును అడగమన్నారు. గురువారం వెళ్తున్నాం. ఆ మందు సీసా మూత ఇంకా తీయలేదు.