సమస్య: పట్టపగలు చుక్క పలుకరించె

నిర్వాహకుడు: ఈ వారం పాదం ఇదీ. ఇదే చివరి పాదంగా ఆటవెలది పద్యం పూరించాలి. లెక్కల పరీక్ష రాసొచ్చిన మా మనవడు "పట్టపగలే చుక్కలు కనిపించాయి తాతయ్యా" అన్నాడు. అప్పట్నుంచి తగులుకుంది. పెళ్లాం చూపించిన చుక్కలు, సారాచుక్కలు దయచేసి వద్దు, కిందటిసారి వాటితోనే సరిపోయింది. సంపూర్ణ సూర్యగ్రహణం చూసినవాళ్లెవరైనా ఉంటే ముందుకు రండి.

డల్లాస్ బావ: చూసినవాణ్ని నేనున్నా. 2024 ఏప్రిల్ 8, మధ్యాహ్నం 1:40.

చంద్రు డడ్డుపడగ సన్నగిల్లగ నెండ
పక్షు లన్నీ గూడు పట్టె మరలి
కానవచ్చె వెండి కాంతికిరీటమ్ము
పట్టపగలు చుక్క పలుకరించె

యతి మాస్టారు: బావగారూ, రెండో పాదం రెండో గణం (పాదాన్ని కొలిచే అక్షరాల ముక్క) తప్పింది. "లన్నీ" అని సాగదీశారు.

డల్లాస్ బావ: గ్రహణమే 3 నిమిషాల 50 సెకన్లు సాగింది మాస్టారూ, నా "నీ" సాగితే తప్పా? సరే, "పక్షు లెల్ల" అని చదువుకోండి.

యతి మాస్టారు: చదువుకున్నాను. ఇప్పుడు ఛందస్సు కుదిరింది, పూరణ మాత్రం కుదర్లేదు. ఎండ తగ్గింది, పక్షులు వెళ్లాయి, కిరీటం కనిపించింది. వాతావరణ వార్తల్లా ఉంది. చమత్కారమేది?

డల్లాస్ బావ: అక్కడ నిలబడి ఉంటే మీకూ చమత్కారం తోచదు. పొద్దున్నుంచీ మబ్బులు, ఒకటే టెన్షన్. సమయానికి విచ్చుకున్నాయి. చివరి వెలుగు ఉంగరంలో రాయిలా ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. కార్ పార్కింగులో దీపాలు వాటంతటవే వెలిగాయి. చుట్టూ ఏ దిక్కు చూసినా అంచున సాయంత్రమే. కెమెరా మెళ్లోనే ఉంది, నొక్కడం మరిచిపోయాను. పక్కన ముక్కూమొహం తెలియని పెద్దావిడ నా మోచెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. చూసుకుంటే నేనూ ఏడుస్తున్నాను.

యతి మాస్టారు: ఆ మోచెయ్యి పద్యంలో ఎందుకు లేదూ?

పాలకొల్లు అమ్మాయి: మాస్టారు ఈమధ్య మెత్తబడ్డారు. "నీటిలోన చేప నిప్పు తాగె" అన్న సమస్యకు మీరు రాసిన "కొలను ప్రక్క" గుర్తుందా? పక్కన "ప్ర" ఉండటంతో ఆ "ను" గురువు, అంటే బరువైన అక్షరం, అయిపోయిందని బావగారంటే, "ప్రక్క వేరే పదమయ్యా!" అని వారం రోజులు కొట్టుకున్నారు.

యతి మాస్టారు: వేరే పదమే. ఇప్పటికీ అదే అంటాను.

డల్లాస్ బావ: వైరి సమాసం (తెలుగు, సంస్కృత పదాలను కలిపేసిన సమాసం) కాదని మాత్రం ఒప్పుకుంటాను. అంతకన్నా ఒప్పుకోను.

నిర్వాహకుడు: ఆ చేపను వదిలెయ్యండి బాబూ. అమ్మాయి పూరణ ఏది?

పాలకొల్లు అమ్మాయి: బావగారి ఫొటోలు లేకపోయినా అక్కడివాళ్ల ఫొటోలు చూశాను. నల్లసూర్యుడికి ఒక పక్క శుక్రుడు, ఇంకో పక్క గురుడు. అక్కడే దొరికింది.

శిష్యు డైన రాహు చేవకు మెచ్చుచు
నసురగురుడు వచ్చె నంబరమున
భళిర బిడ్డ యనుచు పగటిచీకటి లోన
పట్టపగలు చుక్క పలుకరించె

డల్లాస్ బావ: అమ్మో! మరి రెండో పక్కనున్న బృహస్పతి ఫిర్యాదుకొచ్చాడా?

పాలకొల్లు అమ్మాయి: దేవతల తరఫున సాక్ష్యానికి.

గుంటూరు వాసి: శుక్రుడు గ్రహం కదండీ, చుక్క ఎలా అవుతాడు?

యతి మాస్టారు: వేగుచుక్క అంటే ఎవరనుకున్నారు? నా బాధ వేరే. మూడో పాదంలో "పగటి", వెంటనే "పట్టపగలు". పునరుక్తి. "పట్టుచీకటి లోన" అంటే సరి. గ్రహణం పట్టూ వచ్చింది, గణమూ నిలిచింది.

పాలకొల్లు అమ్మాయి: తీసుకున్నాను మాస్టారూ. పొగడ్త రాలేదు కానీ ఇదే పదివేలు.

గుంటూరు వాసి: 1868 ఆగస్టు 18న జాన్సెన్ అనే ఫ్రెంచి ఆయన మా గుంటూరులోనే గ్రహణం చూశాడు. సూర్యుడి అంచున లేచే మంటల్ని వర్ణపటంలో పట్టి, గ్రహణం లేకుండా మర్నాడు కూడా చూడగలిగాడు. దీని మీద పద్యం...

డల్లాస్ బావ: వచ్చేసింది గుంటూరు. చేపకూ గుంటూరు చెరువే తెచ్చారు మీరు.

రంగాపూర్ రోకలి: చాన్నాళ్లకు రాస్తున్నాను. 1980 ఫిబ్రవరి 16. మా ఊరికి దగ్గర్లోనే జపాల్-రంగాపూర్ వేధశాల. అక్కడికి శాస్త్రవేత్తలు వచ్చారు, మేం మాత్రం ఇంట్లో బందీలం.

తలుపు మూసె నమ్మ దర్భ చేతికి నిచ్చె
నిలిచె రోకలి యట నీటినడుమ
పెంకుసందు దూరి వెలుగు నేలను రాల
పట్టపగలు చుక్క పలుకరించె

పేడతో అలికిన నేల మీద రూపాయి బిళ్లంత వెలుగు. ఎవరో కొరికినట్టు ఒక పక్క తగ్గుతూ వచ్చింది, నెలవంకైంది, గోటి గీతైంది, పోయింది. ఇంట్లో చీకటి. బయట కోడి కూడా అరవలేదు. అమ్మ నా తల ఒళ్లో దాచేసుకుంది. రెండు నిమిషాల తర్వాత అదే చోట, ఈసారి రెండో అంచు నుంచి, గోటి గీత. నేను చూసిన సంపూర్ణ గ్రహణం అంతే, ఆకాశం వైపు తలెత్తలేదు.

పాలకొల్లు అమ్మాయి: చుక్క అంటే ఆ వెలుగుచుక్కా! నా అసురగురుణ్ని వెనక్కి పిలిపించుకుంటున్నాను.

డల్లాస్ బావ: నేను విమానమెక్కి వెళ్లి చూసింది మీరు పెంకుసందులో చూశారు.

నిర్వాహకుడు: మాస్టారు మౌనంగా ఉన్నారేం?

యతి మాస్టారు: గణాలు మూడుసార్లు లెక్కపెట్టాను, తప్పు దొరకలేదు. ఒక్కటే. రెండో పాదంలో "యట" దేనికి? పాదం నింపడానికేగా?

రంగాపూర్ రోకలి: అవును మాస్టారూ. ఊతం లేకపోతే రోకలి నిలబడదు.