బ్లౌజు ఆర్డర్లు, వాట్సాప్ గోల, డిజైన్‌కి టైమ్ లేకపోవడం: సాఫ్ట్‌వేర్ కొంటే తీరుతుందా?

సూదీదారం (రాజమండ్రి):
మగ్గం వర్క్, బ్లౌజుల షాపు. ఇద్దరు టైలర్లు, ఇద్దరు మగ్గం పనివాళ్లు, కౌంటర్లో ఒక అమ్మాయి. కటింగ్, డిజైన్లు నావి. సీజన్లో చేతిలో 90 బ్లౌజుల దాకా ఉంటాయి. ఆర్డర్లు, ఫొటోలు, "నాది రెడీయా అక్కా?" అన్నీ నా సొంత నంబరుకే, రాత్రి పదకొండింటికి కూడా. డిజైన్లు గీయడం ఇష్టమై పెట్టుకున్న షాపు ఇది. ఇప్పుడు పెన్సిల్ పట్టే తీరికే లేదు. నెల చందా కట్టే బొటిక్ సాఫ్ట్‌వేర్ తీసుకోమంటున్నారు. తీసుకోవాలా?

కటింగ్‌మాస్టర్:
ఇప్పుడే వద్దండి. మీకు కావాల్సింది ముందు తేదీల లెక్క. అది లేకుండా సాఫ్ట్‌వేర్ పెడితే తప్పుడు తేదీలే కంప్యూటర్లో అందంగా కనిపిస్తాయి.

లైనింగ్ బ్లౌజు కుట్టడానికి, కటింగ్ కాకుండా, రెండు నుంచి రెండున్నర గంటలు. తొమ్మిది గంటల రోజులో ఒక టైలర్‌కి నాలుగు, ఇద్దరికి ఎనిమిది. ఆ ఎనిమిదీ బుక్ చేయకండి, ఆరే తీసుకోండి. మిగతా రెండూ ఆల్టరేషన్లకి, కరెంటు పోయిన రోజుకి, టైలర్ రాని పూటకి. చేతిలో 90 ఉంటే రోజుకి ఆరు చొప్పున 15 పనిదినాలు, అంటే రెండున్నర వారాలు. ఈరోజు వచ్చినావిడకి పది రోజుల్లో ఇస్తానంటే ఆ మాట అప్పుడే తప్పినట్టు. "రెడీయా" ఫోన్లన్నీ అక్కడే పుడతాయి.

మగ్గానిది వేరే వరుస, దీంతో కలపకండి. మెడకీ చేతులకీ మామూలు వర్క్ అయితే ఒక మనిషికి ఇంచుమించు రెండు రోజులు. జర్దోసి (లోహపు తీగ పని), కట్‌దానా (సన్నని గాజు పూసలు) నిండుగా పడే పెళ్లి బ్లౌజుకి ఒక మనిషికి వారం. కాబట్టి ఇద్దరితో వారానికి తేలికవి ఆరు, లేదా ఒక పెళ్లి బ్లౌజు, మూడు తేలికవి. అంతకు మించి ఒప్పుకుంటే ఎవరిదో ఒకరిది ముహూర్తం రోజు పొద్దున ఇస్తారు.

దీనికి పొడుగు నోట్‌బుక్ చాలు. రోజుకో పేజీ, పేజీకి ఆరు గీతలు. నిండితే తర్వాతి పేజీ. నోట్‌బుక్‌లో పని అయ్యే తేదీ, స్లిప్పు మీద దానికి రెండు రోజులు కలిపిన తేదీ. ట్రయల్, సర్దుబాటు ఆ రెండు రోజుల్లో అవ్వాలి.

పంచాంగం కౌంటర్లోనే ఉంచండి. శ్రావణం, మాఘం, ఫాల్గుణం ముహూర్తాలు ముందే గుర్తు పెట్టుకుని, ఆ వారాల పేజీల్లో మగ్గం బ్లౌజుల కుట్టుకి ముందే చోటు వదలండి. ఆషాఢం, మూఢం రోజుల్లో మిషన్ల సర్వీసు, కొత్త శాంపిళ్లు. డిజైన్ పని పెద్దగా పెట్టుకోవాల్సింది అప్పుడే.

ఆది జాకెట్టు:
పై లెక్కంతా ఒకసారి కుట్టింది తిరిగి రాకపోతేనే నిలుస్తుంది. ఒక ఆల్టరేషన్ అంటే విప్పడం, మళ్లీ కుట్టడం, ఇస్త్రీ, కస్టమర్‌తో మాటలు కలిపి గంట.

తిరిగి రావడానికి మొదటి కారణం ఆది జాకెట్టు. మూడేళ్ల కిందటిది తెచ్చి "ఇదే కొలత" అంటారు. ఒంటి మీద వేయించి చూడకుండా తీసుకోకండి. ఛాతీ, నడుము, చేతి చుట్టు టేపుతో మళ్లీ కొలిచి, పక్కన ఆ రోజు తేదీ వేయండి. ఆరు నెలలు దాటిన కొలత పనికిరాదని పెట్టుకోండి. పక్క కుట్టులో అంగుళం తక్కువ కాకుండా గుడ్డ వదలండి.

రెండోది కాటన్ లైనింగ్. కటింగ్‌కి ముందే తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. లేకపోతే మొదటి ఉతుకుకే లైనింగ్ కుంచించుకుని పైగుడ్డ ముడతలు పడుతుంది. ముదురు రంగు లైనింగ్ అయితే ఆ తడిలోనే రంగు దిగుతుందో లేదో కూడా తెలుస్తుంది.

మగ్గం విషయంలో మెడ లోతు, వెడల్పు గుడ్డ మీద మీరే మార్క్ చేసి ఇవ్వండి. వర్క్ పడ్డాక మెడ మార్చే దారి లేదు. కుట్టు పడే గీత దగ్గర అర అంగుళం పూసలు లేకుండా వదలమనండి. అక్కడ కట్‌దానా ఉంటే మిషన్ సూది విరుగుతుంది.

చిట్టాపద్దు:
ఫోన్ సంగతి నేను చెప్తాను. అందరి దగ్గరా ఉన్నది మీ పాత నంబరే కాబట్టి దాన్నే షాపుకి వదిలేయండి. కొత్త సిమ్ ఇంటివాళ్లకి. బ్యాకప్ తీసుకుని పాత నంబరుని వాట్సాప్ బిజినెస్‌కి మార్చి, ఒక చవక ఫోన్లో వేసి షాపులోనే ఉంచండి. ఇంటికి తెచ్చుకుంటే ఈ మార్పంతా దండగ. లింక్డ్ డివైసెస్‌లో కౌంటర్ కంప్యూటర్ కలిపితే జవాబులు ఆ అమ్మాయే ఇస్తుంది.

పనివేళలు నింపి, ఎవే మెసేజ్ (దానంతటదే వెళ్లే జవాబు) ఆ వేళలు దాటాకే వెళ్లేలా పెట్టండి: "షాపు 11 నుంచి 8 వరకు. మీ స్లిప్పు నంబరు పంపండి, రేపు 12 లోపు చెప్తాం." రోజూ అడిగే ప్రశ్నలకి క్విక్ రిప్లైలు రాసుకుంటే స్లాష్ కొట్టగానే వస్తాయి.

స్లిప్పు కార్బన్ పుస్తకంలో మూడు కాపీలు: కస్టమర్‌కి ఒకటి, గుడ్డకి పిన్నుతో ఒకటి, పుస్తకంలో ఒకటి. గుడ్డ మీద స్లిప్పు పెట్టి ఫొటో తీసి చాట్‌లో పంపేటప్పుడు కింద నంబరు, పేరు టైపు చేయండి. అలా రాస్తేనే వెతికినప్పుడు దొరుకుతుంది. ఆర్డరు ఏ దశలో ఉందో గుర్తు పెట్టుకోవడానికి వాట్సాప్ బిజినెస్‌లో లేబుల్స్ ఉన్నాయి కానీ ఒక చిక్కుంది. ఒకావిడవి మూడు బ్లౌజులు మూడు దశల్లో ఉంటే చాట్‌కి పెట్టిన లేబుల్ అబద్ధం చెప్తుంది. ఫొటో ఉన్న మెసేజ్ మీదే నొక్కిపట్టి "మగ్గం", "కుట్టు", "రెడీ" పెట్టండి. వాయిస్‌లో చెప్పిన మార్పుని టైపు చేసి "సరేనా?" అని అడిగి, సరే అన్నాకే కటింగ్.

ఆండ్రాయిడ్ ఫోన్లో వాట్సాప్ బ్యాకప్ గూగుల్ ఖాతా 15 జీబీలోనే పడుతుంది. వీడియోలు అందులో కలపకండి.

డబ్బు సొంత యూపీఐకి కాకుండా కరెంట్ ఖాతాకి మర్చంట్ క్యూఆర్‌తో తీసుకోండి. రూపే క్రెడిట్ కార్డు యూపీఐ కూడా దానికే పనిచేస్తుంది. సేవల మీద ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేయించాలి. నగదు కూడా అందులో లెక్కే.

సూదీదారం:
మరి పాత కస్టమర్లు "నాలుగు రోజుల్లో కావాలి" అని కూర్చుంటే? పేజీ నిండిందని చెప్తే అలుగుతారు.

కటింగ్‌మాస్టర్:
అర్జెంటుకి రోజూ ఒక గీత మాత్రమే, రేటు ఒకటిన్నర రెట్లు, బోర్డు మీద రాసి ఉండాలి. నోటితో చెప్తే బేరం, రాసి ఉంటే నియమం. అది కూడా నిండితే నోట్‌బుక్ తిప్పి చూపించండి. అలిగేది తక్కువ, తర్వాతి తేదీ అడిగేవాళ్లే ఎక్కువ. మగ్గం ఆర్డరుకి సగం అడ్వాన్స్ లేకుండా పేజీలో పేరు రాయకండి.

షాపు 11కి తెరుస్తారు కదా, తొమ్మిది నుంచి పదకొండు దాకా షట్టర్ సగం దించి, డిజైన్లు గీసుకోండి. ఆ రెండు గంటల్లో కటింగ్ కూడా పెట్టుకోవద్దు. పెట్టుకుంటే వారంలో అది కటింగ్ టైమే అయిపోతుంది. గీసినవాటిలో నెలకి ఒకటో రెండో చిన్న గుడ్డముక్క మీద శాంపిల్ వేయించి కౌంటర్లో తగిలించండి. కస్టమర్ ఫోన్లో బొమ్మ చూపించే ముందు మీది చూస్తుంది. సాఫ్ట్‌వేర్ మాట రెండో బ్రాంచి పెట్టినప్పుడు చూద్దాం.